కొళాయి దగ్గర ప్రెసిడెంటమ్మ

ప్రెసిడెంటమ్మ పోయినారని నాకు ఫోను చేసి చెప్పింది ఆ ఊరి బడి వంటమ్మ. మే నెల, పొద్దున ఏడున్నర. ముత్తుకూరు వైపు ఇప్పుడు నేను పనిచేసే పంచాయతీలో, నీళ్ళ ట్యాంకు కింద నిలబడి, క్లోరిన్ కలపని మనిషితో గొడవ పడుతున్నాను. "తెల్లారి లేచి మొగం కడుక్కుంటా అట్టనే కూలబడిపోయింది మేడం. ఆర్‌ఎంపీ వచ్చేలోపలే అయిపోయింది" అని చెప్పి, వంటమ్మ ఇంకో మాట అడిగింది. "మేడం, ఈ పొద్దు బడికాడ పొయ్యి వెలిగించాల్నా, వద్దా?"

చావు కబురు చెప్పిన నోటితోనే ఇదేం ప్రశ్న అని మీకు అనిపించొచ్చు. ఆ ఊళ్ళో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. అది కట్టుబాటు. ఆవిడ కొడుకు మంగళూరు వైపు బోటు పనికి పోయి ఉన్నాడు, వచ్చేసరికి రాత్రి అవుతుంది. అంటే అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ వండరు. అది చేపల వేట నిషేధం నెల, బడికి సెలవులు. ఆ నెలలో ఊరి పిల్లలంతా మధ్యాహ్నం తినేది బళ్ళో పంచాయతీ పెట్టే అన్నమే. ఆ అన్నం పెట్టించిన మనిషే అక్కడ పోయి ఉంది.

"వస్తున్నా. బియ్యం కడిగి పెట్టు" అని మాత్రం అన్నాను. స్కూటీ తీసి బయలుదేరాక దారిపొడుగునా ఏడ్చాను. ఏడుస్తూ కూడా ఆ పొయ్యి గురించే ఆలోచించాను. ఆవిడ దగ్గర పనిచేసిన ఎవరికైనా అంతే జరుగుతుంది.

ఆ ఊరు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు దాటాక సముద్రాన్ని ఆనుకొని ఉంటుంది. పంచాయతీ సెక్రటరీగా నా మొదటి పోస్టింగు అక్కడే. నేను నాయుడుపేట దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. ఎండుచేపల వాసన పడక మొదటి వారమంతా ముక్కుకు చున్నీ కట్టుకొని ఆఫీసులో కూర్చున్నాను. నాకు కోపం ఎక్కువ. రూల్సు మీద నమ్మకం అంతకంటే ఎక్కువ. ఊరంతా నన్ను చూసి నవ్వుకుంటోందని తెలిసి ఆ రెండూ ఇంకా పెరిగాయి.

ఆ ఏడు సర్పంచి సీటు ఆడవాళ్ళకు రిజర్వు అయింది. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటనే అంటారు. ఆ ఊళ్ళో మత్స్యకార పెద్దలందరికీ పెద్దగా ఉండే మనిషిని పెద్దకాపు అంటారు. ఎదురు మాట్లాడని మనిషి కావాలని ఆయన ఊరంతా వెతికి, గంప నెత్తిన పెట్టుకొని పల్లెల వెంట చేపలమ్ముకునే ఈవిడను నిలబెట్టాడు. భర్త లేడు, వెనక ఆస్తి లేదు, సంతకం నేర్చుకుంటే చాలు అనుకున్నాడు. పాపం, మనుషుల్ని అంచనా కట్టడంలో గట్టివాడని పేరున్న పెద్దాయన అక్కడ బోల్తా పడ్డాడు.

నేను చేరిన రోజు ప్రెసిడెంటు కుర్చీలో పెద్దకాపు కూర్చుని ఉన్నాడు. మర్నాడూ ఆయనే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడను పక్కకు పిలిచి, "అది మీ కుర్చీ అమ్మా. లెమ్మని చెప్పండి, లేకపోతే నేను చెప్తాను" అన్నాను.

"కూసోనీలే అమ్మణ్ణీ. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఆడ కూసుంటే నాకు కొళాయి కనపడదు" అని ఆవిడ బయటికి వెళ్ళిపోయింది.

వీధి చివర ఒక కొళాయి ఉండేది. పొద్దున తొమ్మిదికి నీళ్ళు వదిలితే పదింటిదాకా వచ్చేవి. దానికి ఎదురుగా, బోర్లించిన పాత పడవ మీద ప్రెసిడెంటమ్మ కూర్చునేది. వక్కాకు నములుతూ, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా. ఊసుపోక కూర్చుంటుందని నేను అనుకున్నాను. ఒకరోజు సంతకాల కోసం కాగితాలు పట్టుకొని వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"అడ్డం నిలబడబాక అమ్మణ్ణీ, నాకు కనపడదు."

"ఏం కనపడాలి?"

"అంట్లు."

నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది. "ఆ మూలింటామెను చూడు. మూడు గలాసులు, ఒక టీగిన్నె తెచ్చింది. నిన్న అంతే, మొన్న అంతే. అన్నంగిన్నె కడగలేదంటే అన్నం ఒండలేదనే గదా? ముగ్గురు బిడ్డలుండారు ఆ ఇంట్లో."

"ఇంటికి వెళ్ళి అడగొచ్చు కదా."

"అడిగితే తిన్నామనే చెప్తారు. నువ్వయితే చెప్తావా, తిన్లేదని?"

ఆ మూలింటికి నేను సర్వే ఫారం నింపి నాలుగు రోజులే అయింది. టీవీ ఉందా, బండి ఉందా, మరుగుదొడ్డి ఉందా అని వరసగా అడిగి రాసుకొచ్చాను. ఆమె భర్త సముద్రంలో పోయాడని కూడా రాసుకున్నాను. పిల్లలు పొద్దున ఏం తిన్నారో రాసే గడి ఆ ఫారంలో లేదు. లేదు కాబట్టి అడగాలని నాకూ తోచలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూలింటి పిల్లలు ముగ్గురూ ప్రెసిడెంటమ్మ ఇంట్లో అన్నం తిన్నారు. పిలిచిన పద్ధతి కూడా చెప్పాలి. "మే, కూర ఎక్కువైపోయింది, పారబోసేదానికి మనసు రాలా, బిడ్డల్ని పంపు" అని తల్లి మీద కేక వేసింది. ఆ కేకలో జాలి లేదు, విసుగుంది. విసుగు నటించడం ఎంత కష్టమో నాకు తర్వాత తెలిసింది.

అన్నంగిన్నెలు ఎక్కువగా మాయమయ్యేది వేట నిషేధం రోజుల్లో. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు కట్టేయమంటారు. అది అవసరమే, ఎవరూ కాదనరు. సర్కారు భృతి వస్తుంది, కానీ అది వచ్చినప్పుడు వస్తుంది. మూలింటామె లాగా మగవాడు లేని ఇంటికి అసలు రాదు. దాదాపు ఆ రెండు నెలలే బడికి వేసవి సెలవులు, మధ్యాహ్న భోజనం కూడా బంద్. అప్పుడు పిల్లలు రొయ్యల గుంటల దగ్గరికి పనికి పోతారు, రొయ్యలు ఒలిచే షెడ్లకు తల్లుల వెంట పోతారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు కొందరు తిరిగి రారు. మాస్టారు హాజరుపట్టీలో కొన్నాళ్ళు గైర్హాజరు రాసి, తర్వాత పేరు కొట్టేస్తాడు. ఇదంతా ఎవరి తప్పూ కాదన్నట్టే జరిగిపోతుంటుంది.

"సముద్రానికి సెలవిచ్చినారు, బడికి సెలవిచ్చినారు. ఆకలికి సెలవియ్యాలంటే ఏ ఆఫీసులో అర్జీ పెట్టాల అమ్మణ్ణీ?" అని ఒకరోజు నన్నడిగింది. పంచాయతీ తరఫున ఆ రెండు నెలలు బళ్ళో అన్నం పెడదామంది.

"రూల్లో లేదమ్మా" అన్నాను.

"పెట్టమని లేదా, పెట్టొద్దని ఉండాదా?"

పెట్టొద్దని ఉన్నట్టు చూపించి ఆవిడ నోరు మూయిద్దామని మూడు రోజులు పుస్తకాలు తిరగేశాను. నిజం చెప్తున్నాను, నా ఉద్దేశం అదే. దొరకలేదు. దొరికిందేమిటంటే, పంచాయతీలు చేయదగిన పనుల జాబితాలో స్త్రీ శిశు సంక్షేమం అని ఒక ముక్క. పరీక్షకు చదివి బట్టీపట్టిన ముక్కే అది. సిగ్గుపడుతూనే వెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ తల ఊపి, "ఇన్నాళ్ళూ లోపలే ఉండిందా? బయటికి తీసేవాళ్ళు లేకపోయినారే పాపం" అంది. ఆ పాపం అన్నది శిశువుల గురించో, ఆ ముక్క గురించో, నా గురించో అడగలేదు.

అప్పటిదాకా ఆ ఊళ్ళో గ్రామసభ అంటే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకురావడమే. నేను కూడా రెండుసార్లు అలాగే చేశాను. ఈసారి ప్రెసిడెంటమ్మ గ్రామసభను ఆఫీసులో పెట్టలేదు. నిషేధం మొదలయ్యే ముందు ఒక పొద్దున, ఒడ్డున చేపల వేలంపాటలు అయిపోయి ఆడవాళ్ళంతా గంపలు పక్కన పెట్టుకొని కూర్చున్న ఇసుకలోనే పెట్టింది. నేను తీర్మానాల పుస్తకం ఒళ్ళో పెట్టుకొని పొలుసుల మధ్య కూర్చున్నాను. చున్నీ ముక్కుకు కట్టుకోలేదు, అప్పటికి అలవాటు తప్పింది.

పంచాయతీకి ఒక సరుగుడు తోట ఉంది. ఆ ఏడు కొట్టుడుకు వచ్చింది. దాన్ని వేలం వేసి ఊరి మొదట్లో ఆర్చి కట్టాలని పెద్దకాపు కోరిక. పక్క ఊరివాళ్ళు కట్టుకున్నారు, మనకు లేకపోతే తలవంపులని ఆయన బాధ. ఆ బాధ నిజమైనదే. ఆయన చెప్పడం అయ్యాక ప్రెసిడెంటమ్మ లేచింది. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

"ఆర్చి కింద నుంచి ఎవురు పోతారు పెద్దకాపూ?"

"అందరం పోతాం."

"ఈ రెండు నెల్లు మన బిడ్డలు రొయ్యల గుంటలకి పనికి పోతారు. ఇప్పుడు ఉత్త దోవన పోతుండారు, రేపు ఆర్చి కింద నుంచి పోతారు. అంతే గదా తేడా?"

ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతులెత్తారు. చేపలు కడిగిన చేతులు, తడివి. పెద్దకాపు లేచి, తువ్వాలు దులుపుకొని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. తోట డబ్బుతో వేసవిలో బళ్ళో అన్నం పెట్టాలని, తోటలో పడిన కట్టె పొయ్యికి వాడుకోవాలని నేను తీర్మానం రాశాను.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్తాను. అందరికీ పెడితే సరిపోదు, నిజంగా లేనివాళ్ళకే పెట్టాలని నా బుర్ర చెప్పింది. సర్కారు పని అంటే ముందు అర్హుల జాబితా అని నాకు నేర్పారు. సర్వే కాగితాలూ, కొళాయి దగ్గర ఆవిడ చెప్పగా విన్నదీ కలిపి ఒక చక్కటి జాబితా తయారుచేశాను. ప్రెసిడెంటమ్మ ఆ రోజు మండలం మీటింగుకు పోయి ఉంది. ఆ ఊళ్ళో కబురు ఏదైనా మైకులో చెప్పడం ఆనవాయితీ. తుఫాను హెచ్చరిక, బోటు పోయేవేళ, ఎవరిదో వల తప్పిపోయిందని కూడా మైకులోనే. జాబితాను నేను మైకువాడికి ఇచ్చాను. అతను గొంతు సవరించుకొని, "ఈ కింది పేద పిల్లలు రేపు పన్నెండింటికి బడికాడికి రావాల" అని మొదలుపెట్టి, తండ్రి పేర్లతో సహా వరసగా చదివేశాడు. రెండుసార్లు చదివాడు.

మర్నాడు వంటమ్మ అన్నం, సాంబారు వండి సిద్ధంగా పెట్టింది. పన్నెండయింది, ఒకటయింది. ఒక్క పిల్ల రాలేదు. ఒకటిన్నరకు మూలింటామె ఒక్కతే వచ్చింది, నన్ను తిట్టడానికి.

"మా ఆయన సముద్రంలో పోయినాడు గానీ, మేమింకా అడుక్కునేదానికి పోలా. నా బిడ్డల పేర్లు మైకులో చదివేదానికి నువ్వెవురు?"

ఆమె వెళ్ళిపోయాక నాకు వచ్చిందల్లా కోపమే. ప్రెసిడెంటమ్మ రాగానే, "ఆకలైతే వచ్చేవాళ్ళు కదా? రాలేదంటే ఆకలి లేదనే కదా? మీరు కొళాయి దగ్గర చూసిందంతా ఊహే" అని కేకలు వేశాను.

"ఆకలుండాది అమ్మణ్ణీ. మొగం గూడా ఉండాది" అంది. నన్ను ఇంకొక్క మాట అనలేదు. వంటమ్మను రెండు పళ్ళేలు తెమ్మని, బడి వరండాలో కూర్చుని చల్లారిపోయిన అన్నం తింది. నన్నూ తినమంది. ఏడుస్తూ తిన్నాను. మిగిలిందంతా ఏమైందో నేను అడగలేదు. ఇన్నేళ్ళయినా ఆ సాంబారు రుచి నా నాలుక మరిచిపోలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ తిన్నగా పెద్దకాపు ఇంటికి పోయింది. వెనకాలే నేనూ పోయాను. ఆర్చి పోయిన దగ్గర్నుంచి ఆయన ఆవిడతో మాట్లాడడం మానేశాడు. అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. ఆవిడ కింద ఇసుకలో కూర్చుంది.

"పెద్దకాపూ, వేట వస్తే పాలు ఎట్ట పంచుతారు?"

పాలు అంటే వాటా. ఆ ఊళ్ళో నడక వచ్చిన పిల్లకు కూడా తెలిసిన విషయం. ఆయన విసుక్కుంటూనే చెప్పాడు. "తెలవదా నీకు? పడవకొక పాలు, వలకొక పాలు, మనిషికొక పాలు."

"జొరమొచ్చి పడవెక్కలేకపోయినోడికి?"

"వాడి పాలు వాడింటికి పోద్ది."

"బిచ్చమా అది?"

"బిచ్చమేందే! వాడి పాలు అది."

"బిడ్డలు గూడా పడవెక్కలేని వాళ్ళే గదా. మరి వాళ్ళ పాలు యాడుంది?"

పెద్దకాపు అల్లిక ఆపాడు. కోడల్ని పిలిచి ఎండు నెత్తళ్ళ సంచి తెమ్మన్నాడు. తను లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ, నడిచి మైకు దగ్గరికి పోయాడు. ఆయన గొంతు మైకులో వినడం నాకదే మొదటిసారి. "పంచాయతీవాళ్ళు బియ్యం పెడతుండారు. మనం చేప పెట్టాల. ప్రతి ఇంటి నుంచి చారెడు ఎండుచేపలు బడికాడికి రావాల. ఇది బిడ్డల పాలు. ఊళ్ళో బిడ్డలందురూ ఆణ్ణే తినాల. నా మనవళ్ళు పోతుండారు."

ఆ మధ్యాహ్నం ముందుగా వచ్చింది మూలింటామె. కొంగులో చారెడు ఎండుచేపలు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా, వంటమ్మ చేతిలో పోసింది. తన ముగ్గురినీ పెద్దకాపు మనవళ్ళ పక్కన బాసింపట్లు వేయించి కూర్చోబెట్టింది. నావైపు చూడలేదు. నాకు ఆ రోజు ఉన్నంత సంతోషం ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

ఆ ఏడు నుంచి అది ఊరి పద్ధతయింది. వేట బాగున్న నెలల్లో పడవ ఒడ్డుకు రాగానే పాలు వేసేటప్పుడు బిడ్డల గంపలో గుప్పెడు వేస్తారు. ఆడవాళ్ళు ఉప్పేసి ఎండబెట్టి వేసవికి దాస్తారు. బియ్యం, నూనె, వంటమ్మ జీతం పంచాయతీది. ఏడాదికోసారి గ్రామసభలో తీర్మానం, ఇసుకలోనే. తోట తిరిగి నాటారు. ఒకసారి జిల్లా నుంచి ఒక అధికారి చూడటానికి వచ్చి, లబ్ధిదారులను ఎలా గుర్తిస్తున్నారని ఆవిడను అడిగాడు. ఆవిడ నావైపు తిరిగి, "ఏమంటాడు అమ్మణ్ణీ?" అంది. అన్నం ఎవరికి పెట్టాలో ఎలా తెలుస్తుందని అడుగుతున్నారని చెప్పాను. "పన్నెండింటికి ఎవురికి ఆకలైతే వాళ్ళకి" అని, ఆయనకూ ఒక పళ్ళెం వేయించింది. ఆయన రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నాడు.

అన్నం పెట్టినంత మాత్రాన ఊళ్ళో పేదరికం పోయిందని నేను చెప్పను. గుంటల దగ్గరికి పోయినవాళ్ళలో తిరిగి రానివాళ్ళున్నారు. తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్ళి చేస్తుంటే ఆవిడా నేనూ పోయి ఆపలేకపోయాం. ఆ రోజు ఆవిడ కొళాయి దగ్గరికి కూడా రాలేదు. కానీ జూన్‌లో హాజరుపట్టీలో కొట్టేసే పేర్లు తగ్గాయి. మూలింటి పెద్దపిల్ల ఇప్పుడు నెల్లూరులో నర్సింగ్ చదువుతోంది. పంచాయతీ అంటే చాలా చిన్న ప్రభుత్వం. దాని చేతిలో ఉన్నదీ తక్కువే. కానీ ఏ ఇంట్లో గిన్నె తడవలేదో కూర్చున్నచోటు నుంచి చూడగలిగిన ప్రభుత్వం అదొక్కటే. ఆ మాట నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. పాత పడవ మీద కూర్చున్న మనిషి నేర్పింది.

తర్వాత ఇంటింటికీ కొళాయి వచ్చింది. దానికోసం మండలం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది కూడా ఆవిడే. వచ్చిన నెలకే, "నా కళ్ళు నేనే పొడుచుకున్నా అమ్మణ్ణీ. ఇప్పుడు ఎవురింట్లో ఏం కడుగుతుండారో నాకెట్ట తెలిసేది?" అని లబోదిబోమంది. నేను పడీ పడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. బడి ఆవరణలో పిల్లలు పళ్ళేలు కడుక్కునే కొళాయిల వరస పెట్టించినప్పుడు, అది సందుకు అవతల తన అరుగుకు సూటిగా ఎదురుగా ఉండాలని పట్టుబట్టింది. అరుగు మీద మంచం వేసుకొని అక్కడి నుంచి చూసేది. పదవి అయిపోయాక కూడా అదే మంచం, అదే చూపు.

పళ్ళేల్లో ఆవిడకు ఏం కనిపించేదో నాకు సగమే అర్థమయ్యేది. ఒకసారి ఒక పిల్ల పళ్ళెం కడగడం చూసి, "ఆ బిడ్డ తిన్లేదు. పళ్ళేనికి మెతుకు అంటలా. డబ్బాలో పోసుకొని ఇంటికి తీసకపోతుండాది, తల్లికి బాగలేదేమో" అంది. నిజమే అయింది. వంటమ్మతో, "రేపటి నుంచి ఆ బిడ్డకి డబ్బాలో వేరే పెట్టు. ఎందుకని అడగబాక" అని చెప్పింది. అడగబాక అన్నది ఆవిడ పాలనలో సగభాగం.

నాకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు నా బ్యాగులో నాకు చెప్పకుండా ఎండుచేపల పొట్లం పెట్టింది. బస్సంతా నన్నే చూశారు. దిగబెట్టడానికి వచ్చినప్పుడు చెప్పింది, "నీ కోపం మంచిదే అమ్మణ్ణీ, పారేసుకోబాక. ఎవురి మీద పడతాందో చూసుకొని వాడు." నేను ఇంకా చూసుకోవడం నేర్చుకుంటున్నాను.

నేను ఊరు చేరేసరికి పదిన్నర. ఆవిడను అద్దాల ఐసుపెట్టెలో అరుగు మీద పెట్టారు. జనం సందు నిండా ఉన్నారు. ముఖం చిన్నదైపోయింది, అంతే, కోపంగా ఏమీ లేదు. దండ వేసి, కాసేపు ఏడ్చి, బళ్ళోకి పోయాను. పొయ్యి చల్లగా ఉంది. కడిగిన బియ్యం నీళ్ళలో నానుతున్నాయి. వంటమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. గోడ వెంబడి పిల్లలు కూర్చుని ఉన్నారు, అలవాటు కొద్దీ పళ్ళేలు తెచ్చుకున్నారు. ఎవరూ అల్లరి చేయడం లేదు.

పెద్దకాపు పాత పడవ మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆయనకు సరిగా చూపు ఆనదు. వంటమ్మ నాతోపాటు వచ్చి పొయ్యి సంగతి అడిగింది.

"శవం లేచేదాకా ఊళ్ళో పొయ్యి వెలగదు. నాకు తెలిసినప్పటి నుంచీ అంతే" అన్నాడాయన.

నాకు చర్రున లేచింది. ఏదో అనబోయి, ఆవిడ చెప్పిన మాట గుర్తొచ్చి, పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఇది నేను మాట్లాడవలసిన చోటు కాదు. మాట్లాడింది మూలింటామె. ఆమె ఇప్పుడు పంచాయతీ వార్డు మెంబరు. జనంలోనుంచి ముందుకొచ్చి, పెద్దకాపుకు వినపడేలా గట్టిగా అంది.

"కట్టుబాటు మన ఇళ్ళకి పెద్దకాపూ. అది బిడ్డల పాలు. ఎవురు పోయినా పాలు ఆపినామా మనం ఎప్పుడైనా? మా ఆయన పోయిన పొద్దు మా ఇంటికి పాలు వచ్చింది."

పెద్దకాపు చేయి చాపాడు. "అగ్గిపెట్టె ఎవురికాడైనా ఉంటే ఈండి" అన్నాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటే బళ్ళోకి నడిచాడు. వంటమ్మ సరుగుడు పుల్లలు పేర్చింది. చూపు ఆనక ఆయన గీసిన రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది. "దోషమేదన్నా ఉంటే నాకు తగులుకుంటది, బిడ్డలకి కాదు" అని చెప్పి లేచాడు.

పిల్లలు తిన్నది ఒంటిగంట దాటాక. అన్నం, ఎండుచేపల పులుసు. పెద్దవాళ్ళెవరూ ముట్టలేదు. తిన్నాక పిల్లలు ఎప్పటిలాగే వరసగా కొళాయిల దగ్గరికి పోయారు. నేను సందులో నిలబడి ఉన్నాను. దండలు పట్టుకొని పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అరుగు ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. ఐసుపెట్టె తల దగ్గర కూర్చుని ఉన్న ఆవిడ కోడలు, పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి, గభాలున తలెత్తి కేక వేసింది.

"అడ్డం నిలబడబాకండి. ఆమెకి కనపడదు."

జనం రెండు పక్కలకు జరిగారు. సందుకు అవతల పిల్లలు పళ్ళేలు కడుగుతున్నారు.